మబ్బులో నీళ్ళు, మనిషికెంత వంతు?

మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నాడని మనకొక సామెత ఉన్నది. దీనిని పుట్టించినవారు కంప్యూటరును కలలోనైనా ఎరుగరు గాని, నేటి ‘క్లౌడ్’ వ్యవహారానికి ఇంతకన్న తగిన హెచ్చరిక నాకు మరొకటి కనపడలేదు. సొంత యంత్రాలను కొని నిలుపుకోవడం మాని, కావలసినప్పుడు కావలసినంత గణనశక్తిని ఎక్కడో ఉన్న యంత్రశాలనుండి అద్దెకు తెచ్చుకోవడమే క్లౌడ్ అంటే. మేఘగణనమనండి, మబ్బు కొలువనండి, నాకు రెండూ సమ్మతమే. చిక్కు పేరుతో కాదు, ఆ పేరు కలిగించే భ్రాంతితో. మేఘమనగానే అది అంతులేనిదనీ, ఎంత తోడినా తరగనిదనీ తోస్తుంది. నిజానికి అది నేలమీది కట్టడం. బీరువాల వంటి చట్రాలలో వరుసగా పేర్చిన సర్వర్లు, వాటికి కరెంటు, వాటి వేడిని చల్లార్చే ఏర్పాట్లు, చుట్టూ గోడ, గేటు దగ్గర కాపలావాడు. యంత్రాలను లెక్కపెట్టవచ్చు. లెక్కకు అందేది తరిగిపోక తప్పదు.

2020 మార్చిలో కరోనా భయంతో జనమంతా ఇళ్ళలో కూర్చుని ఉద్యోగాలనూ పాఠాలనూ తెరమీదికి మార్చుకున్నప్పుడు ఈ సంగతి బయటపడింది. ప్రపంచంలోని అతిపెద్ద మేఘశాలలను నడిపే సంస్థలలో ఒకటైన మైక్రోసాఫ్టు, శక్తి చాలని పక్షంలో ఎవరికి ముందు ఇస్తుందో బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. అత్యవసర సేవలవారికి, వైద్యరంగానికి, ప్రభుత్వాల కీలక వ్యవస్థలకు, ఇంటినుండి పనిచేసేవారికి మొదటి వరుస. ఉచితంగా వాడుకొనేవారికి పరిమితులు. ఆ వరుసను నేను తప్పుపట్టను. ఆసుపత్రి తరువాతనే మన వ్యాసాలూ పద్యాలూ. కాని మబ్బులో కూడా పంక్తి ఉన్నదనీ, పంక్తికి చివర ఉన్నదనీ, గరిటె పట్టినవాడొకడు ఉన్నాడనీ ఆనాడు తేలింది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మబ్బులో వడ్డించేవాడు మనవాడు కాడు. కనుక అతడు ఏ సూత్రం ప్రకారం వడ్డిస్తున్నాడో మనం అడిగి తెలుసుకోవలసిందే. ఇది ఇంజనీర్ల ఇంటి విషయమని సాహిత్యం చదువుకున్నవాళ్ళం పక్కకు తప్పుకోవడం నాకు సమ్మతం కాదు. పంపకం ధర్మశాస్త్రానికి చెందిన విషయం. ఇంజనీర్లు దానిని మనకన్న శ్రద్ధగా అరవై ఏళ్ళుగా చదువుతున్నారు, అంతే తేడా.

తెలుగులో ‘వంతు’ అనే మాటకు రెండర్థాలు. ‘ఆస్తిలో నా వంతు’ అన్నప్పుడు అది భాగం. ‘నా వంతు వచ్చింది’ అన్నప్పుడు అది వరుస. ఈ రెంటినీ ఒకే మాటలో ఇమిడ్చిన భాష మనది. ముక్కలు చేయడానికి వీలులేనిదానిని పదిమంది పంచుకోవాలంటే కాలాన్ని పంచుకోవడం తప్ప దారి లేదు. నీరు తక్కువైన దాళ్వాలో గోదావరి కాలువలకు వంతులవారీగా నీరు వదలడం ఇందుకే. పొలానికి దక్కే భాగం, ఆ పొలానికి వచ్చే వరుసలోనే ఉంటుంది.

కంప్యూటరు పంపకం కూడా సరిగ్గా ఇక్కడే మొదలైంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో, ఆయన సహచరులు 1961లో ఒక ఏర్పాటు చేసి చూపించారు. అంతకుముందు ఒకరి పని ముగిసేదాకా యంత్రం మరొకరి పనిని ముట్టేది కాదు. చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్ట ఇచ్చి ఫలితం కోసం గంటల తరబడి కాచుకోవడమే. కోర్బాటో బృందం యంత్రకాలాన్ని చిన్న చిన్న తునకలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క తునక చొప్పున తిప్పి తిప్పి ఇచ్చింది. యంత్రం ఎంత వేగంగా తిరిగి వస్తుందంటే, కూర్చున్న ప్రతివాడికీ అది తనదొక్కడిదే అనిపిస్తుంది. అంతటితో ఆగలేదు. చిన్న పనికి పై వరుసలో చోటు ఇచ్చారు. తనకిచ్చిన తునకలో పని పూర్తికాకపోతే దానిని కింది వరుసకు దించారు. కింది వరుసలో తునక పెద్దది, వంతు మాత్రం ఆలస్యంగా వస్తుంది. ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, పొద్దుటినుండి నడుస్తున్న పెద్ద లెక్కను ఆపి ఇప్పుడే వచ్చిన చిన్న లెక్కను ముగించి పంపుతారు. ఇది అన్యాయంగా కనపడుతుంది. కాని పది గంటల లెక్కవాడికి అరనిమిషం ఆలస్యం బాధించదు. అరనిమిషం పనివాడు పది గంటలు నిలబడడం మాత్రం నరకం. ‘ముందు వచ్చినవాడికి ముందు’ అన్నది ఒక్కటే న్యాయమని మనం అనుకుంటాము. వరుసలో ముందు నిలబడడం తప్ప మరే అర్హతనూ అది చూడదు.

తరువాతి ప్రశ్న మరింత రుచిగా ఉంటుంది. సమానంగా ఇస్తామంటారు సరే, ఎవరికి సమానంగా? మనిషికా, పనికా?

యూనిక్స్ అనే వ్యవస్థ పనికీ పనికీ మధ్య సమానత్వం చూసేది. దానివల్ల ఒకడు ఒక్క పని పెట్టుకుంటే ఒక వంతు, పక్కవాడు పది పనులు ఒక్కసారి తెరిస్తే పది వంతులు. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఈ చిక్కు వచ్చింది. విద్యార్థులు అభ్యాసాలను అప్పగించే గడువు దగ్గరపడినప్పుడు యంత్రం మీద పడి ఊపిరాడనివ్వరు కదా. అక్కడి జూడీ కే, పియర్స్ లాడర్ అనే ఇద్దరు 1988లో తమ పరిష్కారాన్ని ప్రకటించారు. వంతు మనిషిది. ఆ మనిషి పది పనులు తెరిచినా వాటన్నిటికీ కలిపి ఆ ఒక్క వంతే. ఇంకొక మెలిక కూడా పెట్టారు. నిన్న ఎక్కువ వాడినవాడు ఇవాళ కొంత వెనుకబడతాడు. అయితే ఆ పాత వాడకం రోజులు గడిచేకొద్దీ లెక్కలో కరిగిపోతుంది. గడువునాటికి మేల్కొనేవాడికన్న మొదటినుండి కొంచెం కొంచెంగా చేసుకొనేవాడికి ఈ ఏర్పాటు మేలు చేస్తుంది. మేల్కొననివాడిని సైతం జన్మంతా శిక్షించదు. మన చట్టంలో బాకీకి కాలదోషం పట్టినట్టు, యంత్రం కూడా మరచిపోతుంది. క్రమంగా మరచిపోవడం కూడా న్యాయంలో భాగమని ఒక యంత్రసూత్రంలో చదివి నేను చాలాసేపు ముగ్ధుణ్ణయ్యాను.

మనిషిని లెక్కపెట్టడం ఎంత అవసరమో మన రైలు తత్కాల్ టిక్కెట్లు చెబుతాయి. ముందు వచ్చినవాడికి ముందు అన్నారు. అక్కడ ముందు వచ్చింది మనిషి కాదు, మనిషి బదులు మీటలు నొక్కే ప్రోగ్రాము. 2025 జులైనుండి ఆధార్‌తో సరిచూసుకున్నవారికే ఆన్‌లైన్ తత్కాల్ అనీ, మొదటి అరగంట ఏజెంట్లకు లేదనీ రైల్వేవారు నిబంధన పెట్టారు. వరుస ఉండడం చాలదు, వరుసలో నిలబడినది ఎవరో తెలియాలన్నది సిడ్నీ పాఠమే.

ఇక అసలు చిక్కు, అబద్ధం. పంపకం నియమం ఏదైనా సరే, దానిని తెలుసుకున్న మరుక్షణం మనుషులు దానికి తగినట్టు తమ అవసరాన్ని మలచి చెబుతారు. బడిలో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. సగమే మంజూరవుతుందని తెలిసిన ప్రతి బడివారూ పది సుద్దపెట్టెలు కావలసినచోట ఇరవై అని రాస్తారు. ఇరవై అని రాస్తారని తెలుసు గనుకనే పైవారు సగం కోస్తారు. నిజంగా పదే కావలసి పదే రాసిన అమాయకుడికి ఐదు పెట్టెలు వస్తాయి. ఇక్కడ దోషం మనుషుల నీతిలో ఎంత ఉన్నదో నియమంలో అంతకన్న ఎక్కువ ఉన్నది. నిజం చెప్పినవాడు నష్టపోయే నియమం పెట్టి, తరువాత నిజాయితీ గురించి ఉపన్యసించడం వృథా.

పెద్ద యంత్రశాలల్లోనూ ఇదే జరిగింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలీ ఘోద్సీ, మతేయ్ జహారియా, అయాన్ స్టోయికా ప్రభృతులు 2011లో ప్రకటించిన ఒక పరిశోధనపత్రంలో రెండు ఉదంతాలు చెప్పారు. యాహూ యంత్రశాలలో పనికి రెండు దశలు ఉండేవి, ఒక్కొక్క దశకు వేరు వేరుగా ఇన్ని స్థానాలని కేటాయింపు. మొదటి దశ స్థానాలకు పోటీ ఎక్కువ అని కనిపెట్టిన ఒక వాడుకరి, మొదటి దశలో చేయవలసినదంతా రెండవ దశలోకి తోసి, దీర్ఘమైన రెండవ దశ పనులుగా నడిపించుకున్నాడట. రెండవ ఉదంతం మరీ చిత్రం. ఒక పెద్ద శోధనసంస్థ, యంత్రాలను బాగా వాడుతున్నామని చూపగలిగినవారికే ప్రత్యేక యంత్రాలు ఇస్తానన్నది. వాడుకరులు ఏం చేశారు? తమ ప్రోగ్రాములలో అక్కడక్కడ అంతం లేని ఆవృత్తులను చల్లారు. యంత్రం ఊరికే తిరుగుతూ ఉంటుంది, వాడకం నిండుగా కనపడుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున పక్క ఊరి పిల్లలను తెచ్చి బెంచీలు నింపడం గురించి విన్నవారికి దీనిలో ఆశ్చర్యం ఉండదు. పొదుపు కోసం పెట్టిన నియమం దుబారాను పుట్టించింది. అది తెచ్చే కరెంటు బిల్లు వేరే.

ఆ పత్రం చెప్పిన పరిష్కారాన్ని కొంచెం ఓపికగా చూడవలెనని మిత్రులను కోరుతున్నాను. లెక్క సులువే. దాని అందం పద్యం వంటిది కనుక తొందరపడరాదు.

ఒక యంత్రశాలలో 9 ప్రాసెసర్లు, 18 గిగాబైట్ల మెమరీ ఉన్నాయి. రాముడు, సోముడు ఇద్దరు వాడుకరులు. రాముడి పని ఒక్కొక్కదానికి 1 ప్రాసెసరు, 4 గిగాబైట్లు కావాలి. సోముడి పని ఒక్కొక్కదానికి 3 ప్రాసెసర్లు, 1 గిగాబైటు చాలు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు అన్నిటినీ చెరిసగం చేస్తే, ఒక్కొక్కరికి నాలుగున్నర ప్రాసెసర్లు, 9 గిగాబైట్లు. రాముడికి రెండు పనులు జరుగుతాయి, మూడవదానికి మెమరీ చాలదు. సోముడికి ఒక్కటే జరుగుతుంది, రెండవదానికి ప్రాసెసర్లు చాలవు. రాముడి దగ్గర ప్రాసెసర్లు ఊరికే పడి ఉంటాయి. సోముడి దగ్గర మెమరీ ఊరికే పడి ఉంటుంది. అంతా సమానమే, ఇద్దరికీ నష్టమే.

బర్కిలీవారు ఏమన్నారంటే, ప్రతివాడికీ ఏది ముఖ్యమైన అవసరమో చూడండి. మొత్తంలో దేనిలో ఎక్కువ భాగం తీసుకుంటాడో అదే అతని ముఖ్యావసరం. రాముడికి మెమరీ, సోముడికి ప్రాసెసరు. ఆ ముఖ్యావసరంలో ఇద్దరికీ దక్కే భాగాన్ని సమానం చేయండి. ఇక లెక్క చూడండి. రాముడికి మూడు పనులు, అనగా 3 ప్రాసెసర్లు, 12 గిగాబైట్లు. సోముడికి రెండు పనులు, అనగా 6 ప్రాసెసర్లు, 2 గిగాబైట్లు. మెమరీలో రాముడికి పద్దెనిమిదింట పన్నెండు, మూడింట రెండు వంతులు. ప్రాసెసర్లలో సోముడికి తొమ్మిదింట ఆరు, అదీ మూడింట రెండు వంతులే. చెరిసగం చేసినప్పుడు మూడు పనులు జరిగినచోట ఇప్పుడు ఐదు జరిగాయి. ఏ ఒక్కరికీ తగ్గలేదు, ఇద్దరికీ పెరిగింది.

ఇప్పుడు రాముడికి దుర్బుద్ధి పుట్టిందనుకుందాము. ‘నా పనికి ఒకటి కాదు, రెండు ప్రాసెసర్లు కావాలి’ అని ఎక్కువ చెప్పాడు. అదే సూత్రంతో మళ్ళీ లెక్క వేస్తే రాముడికి దక్కేది రెండుంబాతిక పనుల పాటి, సోముడికి ఒకటిన్నర. అంటే రాముడు అబద్ధమాడి మూడు పనులను రెండుంబాతికకు తెచ్చుకున్నాడు, సోముణ్ణి కూడా నష్టపరిచాడు. నిజం చెప్పడమే లాభమయ్యేటట్టు పంపకాన్ని అల్లారన్నమాట. ఎవరికీ పక్కవాడి భాగం మీద అసూయ కలగదనీ, విడిగా చెరిసగం చేసుకొనేదానికన్న ఇలా కలిసి ఉండడంవల్ల ఎవరికీ తక్కువ కాదనీ కూడా వారు నిరూపించారు. ఇది కాగితం మీదనే మిగలలేదు. మీసోస్ అనే వ్యవస్థలో వాడారు, హడూప్ పంపక వ్యవస్థలోనూ ఒక పద్ధతిగా చేరింది. దాయాదుల పొలం తగాదాలు విన్న ఏ పెద్దమనిషికైనా ‘చెరిసగం’ అన్న మాట ఎంత సోమరి న్యాయమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇంతా ఎందుకు, డబ్బు ఎక్కువ ఇచ్చినవాడికి ఇవ్వండి, అవసరం ఎవరికెంతో డబ్బే చెబుతుంది అనేవారున్నారు. ఆ మాట తేలికగా తోసివేయదగినది కాదు. ఐవన్ సదర్లాండ్ అనే మహానుభావుడు 1968లోనే ఒక వేలం పద్ధతిని వివరించాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలోని పీడీపీ-1 అనే యంత్రం మీద గంటల కోసం వాడుకరులు ‘యెన్’ అనే ఉత్తుత్తి నాణాలతో పాట పాడేవారు. ఎవరి పని ఎంత ముఖ్యమో దానిని బట్టి వారికి అన్ని యెన్లు. గిరాకీ ఉన్న గంటకు ధర పెరిగేది, లేని గంటకు తగ్గేది. గమనించండి, అక్కడ నాణాలను పంచింది సంస్థ. జేబులోని డబ్బు కాదు. వేలం పాడేముందే యోగ్యతను బట్టి నాణాల పంపకం జరిగిపోయింది. కనుక ఆ వేలం న్యాయంగా ఉన్నదంటే, ఆ న్యాయం వేలంలో పుట్టినది కాదు, నాణాల పంపకంలో పుట్టినది.

నిజమైన డబ్బుతో వేలమైతే సంగతి వేరు. అమెజాన్ సంస్థ 2009 డిసెంబరులో, తన దగ్గర మిగిలిపోయిన శక్తిని వేలం ధరకు ఇవ్వడం మొదలుపెట్టింది. మామూలు ధరమీద ఎంతో తగ్గింపు. అయితే అసలు ధర ఇచ్చే ఆసామి రాగానే చవకగా తీసుకున్నవాడు ఖాళీ చేయాలి. 2015నుండి ఖాళీ చేయించేముందు రెండు నిమిషాల ముందస్తు సూచన ఇస్తున్నారు. 2017 చివరలో పాటపాడే పద్ధతి తీసివేసి, ధర నెమ్మదిగా మారేటట్టు చేశారు. మిగులు వ్యర్థం కాకుండా ఉండడానికి ఇది చక్కని ఉపాయం. నాకు దీనిమీద కోపం లేదు. వ్యాపారి తన సరుకును ఎలాగైనా అమ్ముకోవచ్చు. ప్రజల డబ్బుతో కూర్చిన శక్తిని కూడా ఇలాగే పంచాలనే వాదన మీద నాకు కోపం. డబ్బు ఒకడి అవసరాన్నీ, ఒకడి స్తోమతునూ కలిపి ఒకే అంకెగా చెబుతుంది. ఆ రెంటినీ విడదీయడం దానికి చేతకాదు. పది రూపాయలు ఇవ్వగలిగినవాడి సరదా, రూపాయి ఇవ్వగలిగినవాడి ప్రాణావసరం పక్కపక్కన నిలబడితే వేలంలో సరదాయే గెలుస్తుంది.

మరి శక్తిని వృథా చేయకుండా, పేదవాడిని గెంటివేయకుండా నడపడం సాధ్యమా? గూగుల్ సంస్థవారు తమ లోపలి పంపక వ్యవస్థ అయిన ‘బోర్గ్’ గురించి 2015లో చెప్పిన సంగతులు దీనికి కొంత జవాబు. వారి దగ్గర జనం నేరుగా వాడే అత్యవసర సేవలూ, నిదానంగా జరిగినా ఫరవాలేని లెక్కలూ ఒకే యంత్రాల మీద కలిసి నడుస్తాయి. రెంటినీ విడదీసి వేరు వేరు యంత్రాలు పెడితే 20 నుండి 30 శాతం ఎక్కువ యంత్రాలు కావలసి వచ్చేవని వారి లెక్క. అత్యవసర సేవ తనకని కట్టిపెట్టుకొని వాడని భాగాన్ని నిదానపు పనికి ఎరువిస్తారు. ఆసామి అడగగానే వెనక్కు తీసుకుంటారు. వారి దగ్గర కూడా జనం కోటాను అవసరానికి మించి కొని పెట్టుకుంటారట, రేపు దొరకదేమోనన్న భయంతో. మనవాళ్ళు పెళ్ళిలో విస్తరి నిండా వేయించుకున్నట్టే. దానికి వారు చేసినది నాకు నచ్చింది. అట్టడుగు ప్రాధాన్యంలో, అంటే సున్నా ప్రాధాన్యంలో, ప్రతి వాడుకరికీ అంతులేని కోటా ఇచ్చారు. కోటా అంతులేనిదైనా యంత్రం ఖాళీగా ఉంటేనే పని నడుస్తుంది. అదైనా ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవుతుంది గనుక కాచుకొనే ఓపిక ఉన్నవాడు పస్తుండడు. ఉచిత వసతిలో కాపురముండే మనవంటి రచయితలం ఈ సున్నా వరుసవాళ్ళమే, దీనిలో చిన్నతనమేమీ లేదు.

ఇక మన దేశం మాట. 2024 మార్చి 7న కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్ అనే పథకానికి 10,371.92 కోట్ల రూపాయలు ఆమోదించింది. కృత్రిమ మేధకు అవసరమైన జీపీయూలు అనే గణనయంత్రాలను పదివేలకు పైగా అందుబాటులోకి తేవడం అందులో ముఖ్యమైన అంశం. యంత్రాలు ప్రైవేటు సంస్థలవి, అద్దెలో కొంత భాగం ప్రభుత్వం భరిస్తుంది. 2025లో ఆ సంఖ్య 38,000 దాకా వచ్చిందనీ, గంటకు సుమారు 65 రూపాయలకే ఇస్తున్నామనీ ప్రభుత్వం ప్రకటించింది. మన భాషలు తెలిసిన మహాభాషానమూనాను తయారుచేయడానికి 2025 ఏప్రిల్‌లో ఎంపికైన బెంగళూరు సంస్థ సర్వంకు 4,096 హెచ్100 యంత్రాలు కేటాయించారు. చౌక డిపోలో బియ్యం ధర తగ్గించినట్టు ఇక్కడ గంట ధర తగ్గించారు. మంచిదే. కాని ధర తగ్గించినంత మాత్రాన పంపకం పూర్తికాదు. చౌక డిపో ముందు కూడా వరుస ఉంటుంది.

ఒక్క సంస్థకు వేల యంత్రాలు ఇవ్వడం అన్యాయమని నేను అనను. మహానమూనాను తీర్చిదిద్దడానికి వేల యంత్రాలు ఒకే కాలంలో కలిసి తిరగాలి. వాటిని తలా ఒకటి చొప్పున నాలుగువేలమందికి ఇస్తే ఆ పని ఒక్కరివల్లా కాదు. ఆవగింజంత ముక్కలు చేసిన లడ్డూ ఎవరి నోటికీ తగలదు. ఇక్కడనే మన ‘వంతు’ రెండవ అర్థం అక్కరకు వస్తుంది. పెద్ద అవసరమున్నవారికి భాగంగా కాక వరుసగా ఇవ్వాలి. ఇన్ని నెలలు నీవి, గడువు తీరగానే దిగు, తరువాతివాడు ఎక్కుతాడు. సిడ్నీవారి పద్ధతిలో ఎక్కువ వాడినవాడు కొంతకాలం వెనుక నిలబడతాడు, ఆ తరువాత ఆ లెక్క కరిగిపోతుంది. చిన్న అవసరమున్నవారికి మాత్రం వరుసగా కాక భాగంగా ఇవ్వాలి. ఏనాడు వచ్చినా దొరికే ఒక కనీసపు వాటాను ఎవరూ ముట్టరాదు. దానిలో వాడనిది పెద్దలకు ఎరువివ్వండి, చిన్నవాడు రాగానే తీసుకోండి.

చిన్న అవసరమంటే ఏమిటో తెలుగువారికి చెప్పనక్కరలేదు. మన పాత పుస్తకాలు వేల సంఖ్యలో బొమ్మలుగా అంతర్జాలంలో ఉన్నాయి. బొమ్మలే గాని అక్షరాలు కావు, వెదికితే దొరకవు. అరసున్నలూ బండి ఱలూ గల పాత అచ్చును, వత్తు విరిగి పక్క అక్షరం మీద పడిన పేజీని యంత్రం చేత చదివించాలంటే, ఆ అచ్చుకు తగినట్టు దానికి ప్రత్యేకంగా నేర్పాలి. శ్రీకాకుళం మాటను, పాలమూరు మాటను విని రాయగలగాలంటే ఆ మాటలతోనే నేర్పాలి. ఇటువంటి పనికి నాలుగువేల యంత్రాలు అక్కరలేదు. ఒక డిగ్రీ కళాశాలలోని అధ్యాపకురాలికి, ఆమె శిష్యులు ఇద్దరికి ఒక యంత్రం కొన్ని రోజులు దొరికితే మొదలుపెట్టవచ్చు. వారు వేలంలో నిలబడలేరు. పెద్ద సంస్థవలె వంద పుటల ప్రతిపాదన రాయడం వారి వల్ల కాదు. ప్రతిపాదన రాయగల నేర్పును చూసి ఇవ్వడం కూడా ఒక రకం వేలమే. అక్కడ నాణెం ఇంగ్లీషు.

కనీసపు వాటా పెడితే వాడనివారి చేతిలో యంత్రాలు ఎండిపోతాయని ఆక్షేపించేవారికి బోర్గ్ ఉదాహరణ చాలును. ఎరువిచ్చి తీసుకొనే ఏర్పాటు ఉన్నప్పుడు వాటా ఎండదు. చిన్నవారు అబద్ధమాడి ఎక్కువ కోరుతారంటారేమో. ఎక్కువ కోరితే ఎక్కువ నష్టపోయే సూత్రం 2011నుండి చేతిలో ఉన్నది. నిజానికి నాకు మిగిలిన సందేహం ఒక్కటే, వాటా ఎంత ఉండాలన్నది. పదింట ఒకటా, ఇరవయ్యింట ఒకటా? అది సూత్రం చెప్పదు. బర్కిలీవారి లెక్క కూడా ఎవరి బరువు ఎంతో మనమే నిర్ణయించి ఇస్తే ఆ బరువుల ప్రకారం పంచి చూపుతుంది, బరువులను తాను పుట్టించదు. ఆ నిర్ణయం మనుషులది. కనుక అది నలుగురి ఎదుట జరగాలి. ఏ పనికి ఎన్ని గంటలు ఇచ్చారు, అందులో ఎన్ని గంటలు నిజంగా వాడారు, ఎన్ని ఎరువుకు పోయాయి, అడిగి దొరకనివారు ఎందరు అన్న పట్టికను నెలనెలా ప్రకటించవచ్చు. బడి గోడ మీద మధ్యాహ్న భోజనం వివరాలు రాసిపెడతారే, అంత సాదాగా చాలు. ఆ పట్టికలో తెలుగు పేరు మీద ఉన్న గంటలెన్నో ముందు చూస్తాను, తరువాత సంథాలీకి ఎన్ని ఇచ్చారో చూస్తాను.